సవరణ: నికోటిన్ గమ్ వాడే తీరు గురించి

పొగాకు మాన్పించడంలో వైద్య సిబ్బంది పాత్ర గురించిన మునుపటి వ్యాసంలోని ‘కోరిక పుట్టినప్పుడు నికోటిన్ గమ్ నమలమని చెప్పాలి’ అనే వాక్యాన్ని ఇలా సవరించి చదువుకోవాలని మనవి. పొగాకు మీది కోరికను అణచడానికి కొద్ది మోతాదులో నికోటిన్ కలిపి చేసిన ఈ గమ్‌ను మామూలు చూయింగ్ గమ్‌లా ఆపకుండా నమలకూడదు. ఘాటు తగిలేదాకా నెమ్మదిగా నమిలి, చెంపకూ చిగురుకూ మధ్య పెట్టుకుని, ఘాటు తగ్గాక మళ్లీ నమలాలి, ఇలా సుమారు అరగంట సాగాలి. నికోటిన్ ఒంటికి పట్టేది ప్రధానంగా నోటి లోపలి పొర గుండానే కాబట్టి, గబగబా నమిలి ఊట మింగితే ఎక్కిళ్లు, కడుపులో మంట మిగులుతాయే తప్ప కోరిక అంతగా అణగదు. గమ్‌కు పావుగంట ముందు నుంచి, అది నోట్లో ఉన్నంతసేపూ టీ, కాఫీలు తాగకూడదు. ఈ పద్ధతి చెప్పకుండా చీటీ రాసివ్వడం రోగికి అన్యాయం చేయడమే. ఓపీ గదిలోనే ఒక గమ్ నమిలించి చూపడం అన్నిటికన్నా మేలు.

మోతాదు విషయంలోనూ కొంత వివరణ అవసరం. వరంగల్ చుట్టుపక్కల ఊళ్ల నుంచి బీడీ తాగేవారు వచ్చినప్పుడు, ‘పొద్దున లేచిన ఎంతసేపటికి మొదటి బీడీ ముట్టిస్తరు?’ అని తప్పక అడగాలి. అరగంటలోపే అంటే సాధారణంగా 4 మిల్లీగ్రాముల గమ్ కావాలి, లేదంటే 2 మిల్లీగ్రాములది సరిపోతుంది. గర్భిణులకు, ఈమధ్యే గుండెపోటు వచ్చినవారికి మాత్రం వైద్యులు పరీక్షించాకే నిర్ణయించాలి. మానేందుకు ఫోన్‌లో ఉచితంగా సలహాలిచ్చే జాతీయ క్విట్‌లైన్ నంబరు 1800-11-2356ను చీటీ మీదే రాసివ్వవచ్చు.