మసీదు పక్కన వంటశాల కొత్తదేమీ కాదు
నగరాల్లోని మసీదులు అన్నదానం, వైద్య శిబిరాలు, పిల్లలకు చదువు చెప్పడం లాంటివి మొదలుపెట్టడం ఈమధ్య వచ్చిన మార్పు అని మసీదుల సేవా కార్యక్రమాల మీద ఈమధ్య చదివిన ఒక వ్యాసంలో రాశారు. దీన్ని ఒప్పుకోలేను. ఇస్తాంబుల్‌లోని సులేమానియే మసీదునే చూడండి. ఒట్టోమాన్ చక్రవర్తి సుల్తాన్ సులేమాన్ కోసం వాస్తుశిల్పి సినాన్ కట్టిన ఆ మసీదు 1557లో పూర్తయింది. దాని చుట్టూ మదరసాలు, వైద్య పాఠశాల, ఆసుపత్రి, స్నానశాల, బాటసారులకు సత్రం, విద్యార్థులకూ పేదలకూ వండిపెట్టే పెద్ద వంటశాల, అన్నీ ఒకే ప్రణాళికలో భాగంగా వచ్చాయి. మరి ఇంతమందికి రోజూ తిండి పెట్టాలంటే డబ్బెక్కడిది? ఊళ్ల శిస్తు, అంగళ్ల అద్దెలు వక్ఫ్ కింద, అంటే ధర్మకార్యాలకు శాశ్వతంగా కేటాయించిన ఆస్తిగా, రాసిచ్చారు. సిబ్బందిలో ఎవరికి ఎంత జీతమో కూడా వక్ఫ్ పత్రంలోనే ఉంది. అందరూ ఆ గుమ్మటాన్నే మెచ్చుకుంటారు గానీ, నాకైతే ఈ ఏర్పాటే ఎక్కువ గొప్పగా అనిపిస్తుంది. మొరాకోలో ఫెజ్ నగరంలోని అల్ ఖరవియ్యీన్ మసీదు అంతకు ఎన్నో శతాబ్దాల ముందే విద్యాకేంద్రంగా పేరు తెచ్చుకుంది. కాబట్టి మారింది సేవ కాదు, దాని వెనకున్న ఆదాయం. స్థిరమైన వక్ఫ్ ఆస్తి లేక శుక్రవారం విరాళాల మీదే నడిచే మసీదుకు ఏడాది పొడవునా వంటశాల నడపడం చాలా కష్టం. వ్యాసకర్త ఆ సంగతి కూడా రాసి ఉండాల్సింది.