23 కిలోల చలి

ఐరోపా చలి మా ఇంట్లోకి అక్టోబరు రెండో వారంలోనే ప్రవేశించింది. హైదరాబాదులో ఇంకా ఉక్కపోతగానే ఉంది. హాల్లో ఫ్యాను అయిదో నంబరు మీద తిరుగుతోంది, దాని కింద సోఫా మీద ఆరు జతల థర్మల్స్, నాలుగు ఉన్ని టోపీలు, ఎవరి తలకూ పట్టని ఒక మంకీ క్యాపు పేర్చి ఉన్నాయి. ప్రయాణం డిసెంబరు చివరి వారంలో. ప్రాగ్, వియన్నా, స్విట్జర్లాండ్, వెరసి పది రోజులు. పది రోజుల బట్టలు సర్దడానికి పది వారాలు పట్టడం బాధ్యత గల కుటుంబానికి సహజమే. అయినా ఇంతటి గంభీరమైన విషయం మీద మనవాళ్లలో లోతైన చర్చ జరగకపోవడం శోచనీయమని భావించి ఈ వ్యాసానికి పూనుకున్నాను.

మా అపార్టుమెంటులో ఐరోపా వెళ్లి వచ్చినవారు ఇద్దరే ఉన్నారు. వెళ్లకుండానే సలహా చెప్పగలవారు అన్ని అంతస్తుల్లోనూ ఉన్నారు. విశ్రాంత ఇంజనీరు గారొకరు తాను జనవరిలో లంబసింగి చూసి వచ్చిన మనిషినని, అంతకు మించిన చలి అనేది లేదని తేల్చేశారు. మా అత్తగారి సిద్ధాంతం వేరు. "చలంతా చెవుల్లోంచే దూరుతుంది నాయనా, చెవులు కప్పుకుంటే ఒళ్లు దానంతటదే ఊరుకుంటుంది" అన్నారావిడ. ఎనభై ఏళ్లలో ఈ సిద్ధాంతం ఒక్కసారి కూడా బెడిసికొట్టలేదట. ఆవిడ హైదరాబాదు దాటి ఉత్తరానికి వెళ్లలేదన్న సంగతి ఇక్కడ అప్రస్తుతం.

మా బావమరిది మాత్రం శాస్త్రీయంగా ఆలోచించే మనిషి. ఆ రోజుల్లో ప్రాగ్ పగటి ఉష్ణోగ్రత సున్నాకు రెండు మూడు డిగ్రీల పైన ఉంటుందని తెలుసుకొని, మనం దోసెల పిండి దాచుకునే ఫ్రిజ్ అరకు అది ఇంచుమించు సమానమని లెక్క తేల్చి, థర్మల్స్ తొడుక్కొని, ఫ్రిజ్ తలుపు బార్లా తీసి, దాని ముందు పీట వేసుకొని పది నిమిషాలు కూర్చున్నాడు. చలి వెయ్యలేదని ప్రకటించాడు కూడా. గాలి సంగతి ఆ ప్రయోగంలో లేదు. సున్నా డిగ్రీల దగ్గర గంటకు 30 కిలోమీటర్ల గాలి వీస్తే ఒంటికి అది మైనస్ ఆరులా తగులుతుంది. దోసెల పిండికి ఆ బాధ లేదు. కరెంటు బిల్లు పేరెత్తి మా ఆవిడ ఆ పరిశోధనను అంతటితో ఆపించింది.

చలిదేశాల వారిది ఉల్లిపాయ పద్ధతి. ఒంటిని అంటిపెట్టుకొని చెమటను లాగేసే పలచటి ఉన్ని పొర ఒకటి, దాని మీద వేడిని పట్టి ఉంచే స్వెట్టరు ఒకటి, ఆ పైన గాలినీ తడినీ ఆపే కోటు ఒకటి. మెరీనో అనే జాతి గొర్రెల ఉన్ని తన బరువులో మూడో వంతుకు దగ్గరగా తేమ పీల్చుకొని కూడా తడిసినట్టు అనిపించదు, తొందరగా వాసన పట్టదు. కాబట్టి ఒకే బనీనును నాలుగు రోజులు వేసుకోవచ్చు. ఈ చివరి మాట విన్నాక మా ఇంట్లో నిశ్శబ్దం ఆవరించింది. రోజుకొక ఉతికిన బనీను తొడగడం మన సంస్కృతి. వెంటనే పది నూలు బనీన్లు పెట్టెలో పడ్డాయి. నూలు చెమటను పీల్చి తన దగ్గరే దాచుకుంటుందని, ఆ తడే ఒంటి వేడిని లాగేస్తుందని నాకు తెలుసు. తెలిసి కూడా కుటుంబ గౌరవం దృష్ట్యా మౌనం వహించాను.

అసలు చిక్కు ఫొటోలతో వచ్చింది. ఒకే డ్రస్సు రెండు దేశాల్లో కనిపిస్తే జనం ఏమనుకుంటారన్న ప్రశ్న మా ఆవిడది కాదు, నాది. అందుకే పెళ్లిళ్లకు కుట్టించిన సూట్లు రెండూ పెట్టించాను. మంచు కొండల మీద కథానాయిక పలచటి షిఫాన్ చీరతోనూ, కథానాయకుడు తోలు కోటు, మఫ్లరుతోనూ పాడుకోవడం మన సినిమాల్లో దశాబ్దాలుగా ఉన్న ఆచారం. ఆ పాటల్లో ఎవరికీ ముక్కు కారదు. ఆ ఆచారాన్ని గౌరవించి మా ఆవిడ ఆకుపచ్చ అంచున్న కంచి పట్టుచీరను థర్మల్స్‌లో చుట్టి పెట్టింది. ఆవకాయ సీసాను మిగిలిన థర్మల్స్‌లో చుట్టింది.

చలికోట్లు మాత్రం కొనలేదు. అంత డబ్బు పోసి కొన్న కోటును హైదరాబాదులో ఎక్కడ వేసుకుంటాం? అందుకని రెండో అంతస్తువాళ్ల కోట్లు అడిగి తెచ్చుకున్నాం. నాకు వచ్చినది ముదురు నీలం రంగుది, జిప్పు సగంలో ఆగుతుంది, బతిమాలితే పైకి వస్తుంది. జేబులో చెయ్యి పెడితే వియన్నా ట్రాము టికెట్టు ఒకటి, కాగితానికి అతుక్కుపోయిన పిప్పరమెంటు బిళ్ల ఒకటి, చంటిపిల్ల చేతి తొడుగు ఒంటిది ఒకటి దొరికాయి. నాకంటే ఎక్కువ దేశాలు చూసిన ఆ కోటును నేను మొదటి నుంచీ "గారు" అనే సంబోధించాను.

విమానంవారు మనిషికి 23 కిలోలన్నారు. గాలి పీల్చేసే సంచుల్లో బట్టలను అప్పడాల్లా అణిచాం; సంచిలోంచి గాలి పోయింది, బరువు పోలేదు. కౌంటరు దగ్గర నా పెట్టె 26 తూగింది. పైన తేలిన మూడు కిలోలను అక్కడే ఒంటికి తగిలించుకొని, శంషాబాదు విమానాశ్రయంలో రెండు స్వెట్టర్ల మీద సూటు కోటు, దాని మీద కోటుగారిని ధరించి, వరుసలో చెమటలు కక్కుతూ నిలబడ్డాను.

ప్రాగ్‌లో 1357లో చార్లెస్ వంతెనకు పునాది వేయించిన చక్రవర్తి నాలుగు చక్రాల సూట్‌కేసులను ఊహించలేదు. మా హోటలు వంతెనకు అవతలి ఒడ్డున ఉంది. ఆ రాళ్ల మీద పెట్టె చేసిన చప్పుడుకు వంతెన మీది పర్యాటకులంతా విగ్రహాలను వదిలి మమ్మల్ని చూశారు. నాలుగు దాటీ దాటగానే సూర్యుడు అస్తమించాడు. రంగు రంగుల బట్టల పథకం మొదటి రోజే చీకటిపాలయింది. పైగా అక్కడ ప్రతి తలుపు వెనకా హీటర్లు. దుకాణంలోకి పోతే నాలుగు పొరలు విప్పాలి, బయటికొస్తే నాలుగూ తొడగాలి. మడి కట్టుకున్నవారు కూడా రోజుకు అన్నిసార్లు బట్టలు మార్చరు.

వియన్నాలో సంగీత సభకు వెళ్లిన రాత్రి కోట్లను ద్వారం దగ్గరే అప్పగించాలన్నారు. అప్పగించాం. కంచి పట్టుచీర ఆ ప్రయాణంలో మొదటిసారి లోకానికి కనిపించింది. పక్క సీటు ముసలమ్మ ఆకుపచ్చ అంచును కళ్లార్పకుండా చూసింది. కచేరీ నడిచినంతసేపూ ఫొటోలు నిషేధం. విరామంలో తీద్దామంటే ఫోను కోటు జేబులో ఉండిపోయింది.

స్విట్జర్లాండ్‌లో 1912 నుంచి రైలు ఎక్కివస్తున్న మంచు కనుమ యుంగ్‌ఫ్రౌయోక్ మీద, 3,454 మీటర్ల ఎత్తున, చివరి ప్రయత్నం జరిగింది. మా ఆవిడ కోటు జిప్పు విప్పి పట్టుచీర కనిపించేలా నిలబడి, ఒకటి, రెండు అని లెక్కపెట్టే లోపల, 60 శాతం ఛార్జింగు ఉన్న నా ఫోను చలికి కన్నుమూసింది.

తిరిగి వచ్చాక చుట్టాలంతా ఫొటోలు చూశారు. "అన్నిటిలోనూ ఇదే కోటా అన్నయ్యా, బట్టలేమీ తీసుకెళ్లలేదా?" అని మా చెల్లెలు జాలిపడింది. పెట్టెలో ఏడు నూలు బనీన్లు పెట్టిన మడతలు పెట్టినట్టే వెనక్కి వచ్చాయి. కోటుగారి జేబులో నా వంతుగా యుంగ్‌ఫ్రౌ రైలు టికెట్టు వేసి, ఫిబ్రవరిలో ప్యారిస్ వెళ్తున్న నాలుగో అంతస్తు కుర్రాడికి అందజేశాను. "ఎన్ని జతలు సర్దుకోమంటారంకుల్?" అని అడిగాడు. కాసేపు ఆలోచించి, అనుభవజ్ఞుడి గాంభీర్యంతో, "పదికి తగ్గకుండా చూసుకో నాయనా" అన్నాను.