‘వాచ్ ఉండగా మాత్రలెందుకు?’ అనే సందేశానికి జవాబు

కొంతకాలంగా ఒక సందేశం ఫోను నుంచి ఫోనుకు తిరుగుతోంది. దాని సారాంశం ఇది: “మణికట్టుకు స్మార్ట్ వాచ్, ఫోనులో గుండె యాప్ ఉంటే చాలు. రోజుకు పది వేల అడుగులు పూర్తిచేస్తే గుండెపోటు దరి చేరదు. గుండె లయ తప్పితే వాచ్ ముందే పట్టేస్తుంది కాబట్టి పక్షవాతం రాదు. యాప్ వాడేవారికి గండం సగానికి తగ్గుతుందని పరిశోధనలు రుజువు చేశాయి. అంకెలన్నీ కళ్లెదుట ఉన్నప్పుడు డాక్టరు చుట్టూ తిరగనక్కరలేదు, జీవితాంతం మాత్రలు మింగనక్కరలేదు. ఛాతీలో నొప్పి వస్తే ముందు వాచ్‌లో ఈసీజీ చూసుకోండి. బాగుంటే అది గ్యాస్ నొప్పే.”

దీన్ని నాకు పంపినవారిలో మా బాబాయి ఒకరు. ఆయనకు స్టెంటు వేసి ఇంకా ఏడాది నిండలేదు. “ఇన్ని అంకెలు చూపిస్తోంది కదా, ఇంకా ఈ మాత్రలు ఎందుకంటావు?” అని అడిగారు. అందుకే ఇది రాస్తున్నాను.

చివరి వాక్యంతో మొదలుపెడతాను. ప్రాణం పోయేది అక్కడే. వాచ్ తీసే ఈసీజీ గుండె విద్యుత్తును ఒకే ఒక్క కోణం నుంచి చూస్తుంది. ఆసుపత్రిలో తీసేది పన్నెండు కోణాల నుంచి చూస్తుంది. గుండెలో ఏ భాగానికి రక్తం ఆగిందో తెలియాలంటే అన్ని కోణాలూ కావాలి. అవన్నీ ఉన్నా, గుండెపోటు మొదలైన తొలి నిమిషాల్లో ఈసీజీ మామూలుగానే కనిపించవచ్చు. అందుకే వైద్యులు దాన్ని మళ్లీ మళ్లీ తీస్తారు, ట్రోపోనిన్ అనే రక్తపరీక్ష కూడా చేస్తారు. తమ వాచ్ గుండెపోటును గుర్తించజాలదని ఆపిల్ సంస్థే తన ఈసీజీ యాప్‌లో రాసి ఉంచింది. తయారుచేసినవారే కాదన్న పనిని ఈ సందేశం దానికి అంటగడుతోంది. ఛాతీలో బరువు, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి, చెమటలు, ఆయాసం కనిపిస్తే వాచ్ వైపు చూడకండి, అంబులెన్సుకు ఫోను చేయండి. మధుమేహం ఉన్నవారిలో, స్త్రీలలో నొప్పి లేకుండా ఆయాసం, నీరసం మాత్రమే ఉండవచ్చు. అప్పుడూ చేయవలసింది ఇదే.

పది వేల అడుగుల సంగతి త్వరగా ముగిస్తాను. ఆ అంకె వైద్య పరిశోధనలోంచి రాలేదు. 1965లో జపాన్‌లో ‘మన్‌పో-కెయి’, అంటే పది వేల అడుగుల మీటరు, అనే పేరుతో ఒక పరికరాన్ని అమ్మారు. అంకె ఆ పేరుతోపాటు ప్రపంచమంతా పాకింది. 2019లో అచ్చయిన ఒక అధ్యయనం సగటున 72 ఏళ్ల వయసున్న 16,741 మంది స్త్రీల అడుగులను లెక్కించింది. రోజుకు 2,700 అడుగులు వేసేవారికంటే 4,400 వేసేవారిలో మరణాలు స్పష్టంగా తక్కువ. 7,500 దాటాక అదనపు లాభం కనిపించలేదు. నడక మంచిదే, అందులో సందేహం లేదు. కానీ మోకాళ్ల నొప్పితో నాలుగు వేల దగ్గర ఆగిపోయే మనిషి ‘నావల్ల కాదు’ అనుకుని అదీ మానేస్తే, ఆ తప్పు ఈ గుండ్రటి అంకెదే.

పరికరం కట్టుకుంటేనే శరీరం మారుతుందన్న నమ్మకానికి గట్టి దెబ్బ 2016లో తగిలింది. బరువు తగ్గాలనుకున్న 471 మంది యువతీయువకులకు ఆహార నియమం, సలహాలు అన్నీ సమానంగా ఇచ్చి, సగం మందికి ఒంటికి ధరించే పరికరం కూడా ఇచ్చారు. రెండేళ్లకు పరికరం ఉన్నవారు సగటున 3.5 కిలోలు తగ్గితే, లేనివారు 5.9 కిలోలు తగ్గారు.

ఇక “పరిశోధనలు రుజువు చేశాయి” అన్న మాట. చదువుకున్నవారిని కూడా బోల్తా కొట్టించేది ఇదే కాబట్టి ఇక్కడ కాస్త ఆగాలి.

యాప్‌ను క్రమం తప్పకుండా వాడేవారు తక్కువగా చనిపోతున్నారని ఎవరైనా లెక్క చూపిస్తే, ముందు అడగవలసింది ఒకటుంది: ఆ మనుషులు ఎవరు? దీనికి జవాబు స్మార్ట్ ఫోన్లు పుట్టక ముందే దొరికింది. కరోనరీ డ్రగ్ ప్రాజెక్ట్ అనే పెద్ద అమెరికన్ పరీక్షలో గుండెపోటు వచ్చి తేరుకున్న పురుషులకు కొందరికి మందు, కొందరికి మందులేని ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. ఫలితాలు 1980లో వచ్చాయి. ఉత్తుత్తి మాత్రను శ్రద్ధగా వేసుకున్నవారిలో అయిదేళ్లలో చనిపోయినవారు 15 శాతం. అదే ఉత్తుత్తి మాత్రను సరిగా వేసుకోనివారిలో 28 శాతం! మాత్రలో ఏమీ లేదు. తేడా అంతా మనుషుల్లో ఉంది. చెప్పినది చెప్పినట్టు చేసే మనిషి మిగతా విషయాల్లోనూ జాగ్రత్తగా ఉంటాడు, బహుశా మొదటి నుంచీ కొంచెం ఆరోగ్యంగానూ ఉంటాడు. రోజూ యాప్ తెరిచి చూసే మనిషి కూడా అలాంటివాడే. అతని ఆయుష్షును యాప్ ఖాతాలో వేయడం తప్పు లెక్క.

ఆశ కలిగించే ఫలితాలు లేకపోలేదు. గుండెపోటు రోగుల కోసం జాన్స్ హాప్కిన్స్ బృందం తయారుచేసిన కొర్రీ అనే యాప్ వాడిన 200 మందిలో నెలలోపు మళ్లీ ఆసుపత్రిలో చేరినవారు 6.5 శాతమే. పోల్చి చూసిన 864 మందిలో అది 16.8 శాతం. సందేశంలోని ‘సగం’ లాంటి మాటలు ఇలాంటి అంకెల నుంచే పుడతాయి. అయితే ఆ 864 మంది అంతకుముందు చికిత్స పొందినవారు. రెండు బృందాలనూ చీట్లు తీసినట్టు విడగొట్టలేదు. పరిశోధకులు తేడాలను గణితంతో సరిదిద్దారు కానీ, ఎవరికి శ్రద్ధ ఎక్కువో కొలిచే గణితం ఎక్కడిది?

అలా విడగొట్టి చేసిన ఒక పరీక్ష ఫలితం 2017లో వచ్చింది. గుండెపోటు తరువాత ఇంటికి చేరిన 1,509 మందిలో ఒక బృందానికి మూత తీసినప్పుడల్లా నమోదు చేసే మాత్రల సీసాలు, వేసుకున్నందుకు లాటరీ బహుమతులు, వేసుకోకపోతే ఆత్మీయులకు కబురు, ఇలా అన్నీ ఏర్పాటు చేశారు. ఏడాది గడిచినా మళ్లీ ఆసుపత్రి పాలవడంలోగానీ, మాత్రలు సక్రమంగా వేసుకోవడంలోగానీ చెప్పుకోదగిన తేడా రాలేదు. ఆ ఆలోచన ఎంత బాగుందో! ఫలితం చదివినప్పుడు నాకు నిజంగా బాధ కలిగింది. కానీ నిజం అదే.

లయ తప్పడం గురించి చెప్పినదాంట్లో సగం నిజం ఉంది. 2019లో వెలువడిన ఆపిల్ హార్ట్ స్టడీలో నాలుగు లక్షల పైచిలుకు మంది పాల్గొన్నారు. వారిలో 0.52 శాతానికి లయ తేడాగా ఉందని హెచ్చరిక వచ్చింది. ఆ తరువాత ఛాతీకి ఈసీజీ పట్టీ అంటించుకుని తిప్పి పంపిన 450 మందిలో 34 శాతానికి ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె పై గదులు లయ తప్పి అదరడం; అక్కడ కట్టిన గడ్డ మెదడుకు చేరితే పక్షవాతం వస్తుంది) కనిపించింది. ఆ లోపం వచ్చిపోతూ ఉంటుంది కాబట్టి మిగతా హెచ్చరికలన్నీ తప్పని అనలేం. కానీ ‘పట్టుకుంటుంది’ దగ్గర నుంచి ‘పక్షవాతం రాదు’ దాకా మధ్యలో పెద్ద అగాధం ఉంది. 2021 నాటి లూప్ పరీక్ష దాన్ని కొలిచింది. 70 ఏళ్లు దాటిన ఆరు వేల మందిలో కొందరికి చర్మం కిందే నిరంతరం లయను చూసే పరికరం అమర్చారు. వాచ్‌కంటే అది ఎంతో నమ్మకమైనది. ఆ బృందంలో లోపం 31.8 శాతం మందిలో బయటపడింది, మిగతావారిలో 12.2 శాతంలోనే. రక్తం గడ్డకట్టకుండా మందులూ ఎక్కువమందికి ఇచ్చారు. అయినా మెదడుకు పక్షవాతం, ఇతర అవయవాలకు గడ్డలు రావడంలో వచ్చిన తేడా (పరికరం ఉన్నవారిలో 4.5, మిగతావారిలో 5.6 శాతం) కాకతాళీయం కాదని చెప్పగలిగేంత లేదు. ఈ చిన్న తేడాను ‘రాదు’ అని ప్రచారం చేయడం అన్యాయం.

“డాక్టరు అక్కరలేదు” అన్న మాటకు జవాబు రెండు పరీక్షలను పక్కపక్కన పెడితే కనిపిస్తుంది. రెండూ గుండె వైఫల్యంతో, అంటే గుండె రక్తాన్ని సరిగా పంపు చేయలేని స్థితితో, ఆసుపత్రికి వెళ్లివచ్చినవారి మీదే జరిగాయి.

2010లో అమెరికాలో వచ్చిన టెలీ-హెచ్‌ఎఫ్ పరీక్షలో 1,653 మంది ఉన్నారు. ఒక బృందం రోజూ ఫోను చేసి తమ బరువు, లక్షణాలు యంత్రానికి చెప్పాలి. వైద్య సిబ్బంది వాటిని తరువాత చూస్తారు. ఆరు నెలల్లో మళ్లీ ఆసుపత్రిలో చేరినవారు లేదా చనిపోయినవారు ఈ బృందంలో 52.3 శాతం, మామూలు చికిత్స బృందంలో 51.5 శాతం. 14 శాతం మంది ఒక్కసారి కూడా ఫోను చేయలేదు. చివరి వారానికి వారంలో మూడుసార్లయినా చేసేవారు 55 శాతమే మిగిలారు.

2018లో జర్మనీ నుంచి వచ్చిన టిమ్-హెచ్‌ఎఫ్2లో 1,571 మంది. ఇక్కడా బరువు, రక్తపోటు, ఈసీజీ ఇంటి నుంచే వెళ్లాయి. కానీ అవతలి వైపు రాత్రీపగలూ వైద్యులు, నర్సులు కూర్చున్నారు. అంకె తేడా వస్తే అప్పటికప్పుడు రోగికి ఫోను చేశారు, అవసరమైతే మందు మార్చారు. ఏడాదిలో మరణాలు ప్రతి వందమందికి మామూలు చికిత్స బృందంలో 11.3 ఉంటే, ఈ బృందంలో 7.9 మాత్రమే. కొలతలు రెండు చోట్లా ఇంటి నుంచే వెళ్లాయి. వాటిని చూసి వెంటనే కదిలిన చెయ్యి రెండోచోట ఉంది. ఇంట్లో రక్తపోటు చూసుకుని పంపే రోగులపై 2018లోనే బ్రిటన్‌లో జరిగిన టాస్మిన్-హెచ్4 పరీక్షలోనూ డాక్టర్లు ఆ అంకెలను చూసి మందులు సర్దారు. అందుకే ఏడాది చివరికి పై అంకె 136కి దిగింది, మామూలు చికిత్సలో 140 దగ్గరే ఉంది. ఈ విజయాల్లో ఒక్కటి కూడా డాక్టరు లేకుండా వచ్చింది కాదు.

మాత్రలు మానేయమనడానికి ఏ పరీక్షా ఆధారం ఇవ్వదు. సిడ్నీలో 710 మంది గుండె రోగులకు ఆరు నెలలపాటు వారానికి నాలుగు చిన్న సందేశాలు పంపిన టెక్స్ట్ మీ పరీక్షలో (2015) రక్తపోటు 136కి బదులు 128 దగ్గర నిలిచింది, పొగతాగేవారు 43 శాతానికి బదులు 26 శాతమే మిగిలారు. వారందరూ మామూలు చికిత్స తీసుకుంటూనే ఉన్నారు. ఆ చిన్న సందేశాలు దానికి తోడుగా నిలిచాయి. తరువాత ఏడాదిపాటు 1,424 మందితో జరిపిన టెక్స్ట్‌మెడ్స్‌లో మాత్రలు వేసుకునే అలవాటు మెరుగుపడలేదు. తోడుగా ఉండే పనే సందేశాలకు ఇంత కష్టమైతే, మందుల స్థానంలోకి అవి ఎలా వస్తాయి? స్టెంటు కొత్తగా వేసిన రక్తనాళంలో గడ్డ కట్టకుండా ఆపుతున్నది ఆ చిన్న మాత్రలే. వాటిని గడువుకు ముందే ఆపితే స్టెంటు హఠాత్తుగా మూసుకుపోయే ముప్పు పెరుగుతుంది. ఆ క్షణాన మణికట్టు మీది గాజుపలక చేయగలిగింది ఏమీ లేదు.

బాబాయికి ఇదంతా ఫోనులో గంటసేపు చెప్పాను. వాచ్ తీసేయమనలేదు. అందులోని అంకెలు రాసుకుని డాక్టరుకు చూపించమన్నాను, ఆ డాక్టరు ఆపమనే దాకా మాత్ర ఆపవద్దన్నాను. ఈ సందేశం మీకు పంపినవారిలో గుండె రోగులు ఉంటే ఈ రోజే ఫోను చేసి, పొద్దుటి మాత్ర వేసుకున్నారో లేదో అడగండి.