సెలవు అడగడమే నేరమా?

రాత్రి పదకొండింటికి కాల్ పెట్టేది మేనేజరే. పొద్దున బెంగళూరు ఔటర్ రింగ్ రోడ్ ట్రాఫిక్‌లో నలిగి పది నిమిషాలు ఆలస్యమైతే నిలదీసేదీ ఆయనే. మొన్న మా టీంలో ఒకమ్మాయి, ఒంగోలులో నాన్నకి ఆపరేషన్ అని సెలవు అడిగింది. "మీ ఇంట్లో ఇంకెవరూ లేరా?" అన్నాడు, అందరి ముందూ! ఆ పిల్ల వాష్‌రూమ్‌కి వెళ్ళి, కళ్ళు తుడుచుకుని వచ్చి మళ్ళీ ల్యాప్‌టాప్ తెరిచింది. నాకు ఒళ్ళు మండిపోయింది. కర్ణాటకలో 1961 నాటి చట్టం ప్రకారం మామూలు పనివేళలు రోజుకు 9 గంటలు, వారానికి 48 గంటలు దాటకూడదు. మా ఫ్లోర్‌లో ఆ లెక్క ఎవరికి పట్టింది? హెచ్‌ఆర్‌కి చెప్పుకుంటే సాయంత్రానికల్లా ఆయన చెవిన పడుతుంది. పోనీ మానేద్దామంటే 90 రోజుల నోటీసు. అన్నాళ్ళూ ఆ మనిషి కిందే పనిచేయాలి.