టైమ్‌టేబుల్ గారి దయ

ఇంజనీరింగ్‌లో నచ్చింది చదువుకునే స్వేచ్ఛ లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. కావాల్సినంత ఉంది, కోర్సుల జాబితాలో. రోబోటిక్స్, బయోమెకానిక్స్, ఉపగ్రహాల కక్ష్యలు, ఏది కావాలంటే అది. పేరుంటుంది, క్రెడిట్లుంటాయి, నోరూరించే నాలుగు లైన్ల వివరణ ఉంటుంది. చెప్పే మేష్టారు మాత్రం ఈ ఏడాది ఉండరు. ఆయన ఉన్న ఏడాది ఆ గంటలో మీకు కోర్ సబ్జెక్టు ఉంటుంది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారే, ఇక్కడ పూజారి టైమ్‌టేబుల్ గారు.

నిజానికి ఆయనకి మనం రుణపడి ఉండాలి. పద్దెనిమిదేళ్ల వయసులో ఎవరికి మాత్రం తమ అభిరుచేంటో తెలుస్తుంది? ఆయనకి తెలుసు. మెషీన్ లెర్నింగ్ మీద మనసు పారేసుకున్న అమ్మాయికి, ఆ క్లాసూ కంపల్సరీ ల్యాబూ రెండూ బుధవారం పదింటికేనని చూపించి, ఆమెలో ఇన్నాళ్లూ నిద్రపోతున్న ఘన వ్యర్థాల నిర్వహణ మీది ఆసక్తిని తట్టిలేపేది ఆయనే. తర్వాత ఇంటర్వ్యూలో "ఈ సబ్జెక్టే ఎందుకు తీసుకున్నారు?" అని అడిగితే ఆ అమ్మాయి భూగోళం భవిష్యత్తు గురించి ఆపకుండా మాట్లాడుతుంది. బుధవారం ఊసెత్తదు.

ఇక ప్రీరిక్విజిట్లు. కాలిక్యులస్ గట్టెక్కితేనే డిఫరెన్షియల్ ఈక్వేషన్స్, అవి అయితేనే సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్, ఆ తర్వాతే కంట్రోల్ సిస్టమ్స్. ఇందులో తప్పేం లేదు, లాప్లాస్ ట్రాన్స్‌ఫార్మ్ రానివాడికి ట్రాన్స్‌ఫర్ ఫంక్షన్ గురించి ఏం చెప్తాం. చిక్కల్లా ఒక్కో కోర్సూ ఏడాదికి ఒక్క సెమిస్టర్‌లోనే పెట్టే చోట వస్తుంది. అక్కడ మొదటి ఏడాది రెండు మార్కుల తేడాతో పోయిన లెక్కలు ఆ ఒక్కదానితో పోవు, వెనకాల వరసలో నిలబడ్డ వాటన్నిటినీ ఏడాది అవతలికి తోసేస్తాయి. స్నేహితులందరూ వెళ్లిపోయాక ఒక్క కంట్రోల్ సిస్టమ్స్ కోసం కాలేజీకి వచ్చే సీనియర్ ఒకడుంటాడు చూడండి, జూనియర్లు అతన్ని కొత్త లెక్చరర్ అనుకుని లేచి నిలబడుతుంటారు.

ఇలాంటి గొలుసుల్ని సరైన వరసలో పెట్టే పద్ధతిని ఆర్థర్ కాన్ 1962లోనే ప్రచురించాడు. టోపలాజికల్ సార్టింగ్ అంటారు. దాన్ని డేటా స్ట్రక్చర్స్‌లోనో అల్గారిదమ్స్‌లోనో చెప్తారు, ఆ కోర్సుకీ ఒక ప్రీరిక్విజిట్ ఉంటుంది. ఏ పని ఆలస్యమైతే మొత్తం ఆలస్యమవుతుందో పట్టిచ్చే క్రిటికల్ పాత్ పద్ధతి 1950ల చివర్లో వచ్చింది. దాన్ని ఆఖరి ఏడాది ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్‌కి దాచిపెడతారు. అప్పటికి జరగాల్సిన ఆలస్యం జరిగిపోయి ఉంటుంది కాబట్టి ఉదాహరణలు ఇట్టే అర్థమవుతాయి.

ఆఫీసు వాళ్లని మాత్రం ఏమీ అనకండి. టైమ్‌టేబుల్ వేయడం ఎన్‌పీ-కంప్లీట్ సమస్య అని ఈవెన్, ఇటాయ్, షమీర్ అనే ముగ్గురు పరిశోధకులు 1976లో చూపించారు. అంటే ఎన్ని క్లాసులున్నా, ఎంతమంది మేష్టార్లున్నా ఎక్కడా ఢీకొట్టుకోకుండా చకచకా అమర్చేసే సాధారణ సూత్రం ఇంతవరకూ ఎవరికీ దొరకలేదు. మహామహులకి కొరుకుడుపడని ఆ లెక్కని ఒక గుమస్తా గారు ఎక్సెల్‌లో లంచ్ లోపు తేల్చేస్తున్నారు, నిరుటి ఫైల్ తెరిచి పైన సంవత్సరం మార్చి.

అన్నట్టు అడ్వైజర్ సంతకం కూడా కావాలి. ఆయన ఫారం అందుకుని, పెన్ను మూత తీస్తూ, "క్లాష్ ఏం లేదుగా?" అంటారు. సలహా అయిపోయింది.

కాబట్టి నాదొక వినయపూర్వకమైన ప్రతిపాదన. కోర్సులు ఎంచుకోవడాన్నే 3 క్రెడిట్ల కోర్సు చేసేయండి, ల్యాబ్‌తో సహా. రిజిస్ట్రేషన్ మొదలైన నిమిషానికే సైట్ ఎందుకు పడుకుంటుందో ల్యాబ్‌లో ప్రయోగం చేసి చూపించొచ్చు. మూడో ఏడు రెండో సెమిస్టర్‌లో పెడితే చాలు, తొందరేం లేదు. సీట్లు 30. మిగతావాళ్లు వెయిటింగ్ లిస్టులో ఉంటారు, అది ప్రాక్టికల్స్ కింద లెక్క.