ఈదే బండి వద్దు, కాచే బండి కావాలి

మన సైన్యానికి కొత్త పదాతి పోరాట వాహనం, అంటే జవాన్లను మోసుకెళ్తూ ట్యాంకులతో కలిసి పోరాడే కవచపు బండి, కావాలన్న మాట 2010 నాటిది. అప్పుడు మహీంద్రా, టాటా, ఎల్ అండ్ టీలతో పాటు ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ బోర్డును కూడా ప్రతిపాదనలు అడిగారు. పదకొండేళ్లు పోయాక, 2021లో 1,750 వాహనాల కోసం కంపెనీల నుంచి మళ్లీ సమాచారం కోరారు. మధ్యలో ఏం జరిగిందో రక్షణ వార్తలు చదివేవారికి వేరే చెప్పక్కర్లేదు. జాప్యాన్ని అందరూ తిట్టారు, తిట్టాల్సిందే. కానీ అసలు బండి ఎలా ఉండాలో సైన్యం రాసిన కోరికల చిట్టాలో ఏం ఉందో పట్టించుకున్నవాళ్లు తక్కువ. అందులో ఒక్క లైను కొట్టేస్తే సగం చిక్కు వీడిపోతుందని నా వాదన. బండి నీళ్లలో ఈదాలన్న లైను అది.

ఇప్పుడు మనవాళ్లు వాడుతున్న సారథ్, సోవియట్ బీఎంపీ-2కి దేశీయ రూపం. ఎద్దుమైలారం ఆర్డినెన్స్ ఫ్యాక్టరీలో 1987 నుంచి తయారైంది. బరువు 14 టన్నుల పైచిలుకు. ముగ్గురు సిబ్బంది, వెనక ఏడుగురు జవాన్లు. ఆ వెనక భాగం ఒకసారి చూడండి. జవాన్లు వీపులు ఎదురెదురుగా, ముఖాలు గోడల వైపు పెట్టి కూర్చుంటారు. రెండు వరుసల వీపుల మధ్య ఉండేది డీజిల్ ట్యాంకు. దిగడానికి ఉన్న తలుపులు లోపల బోలుగా ఉంటాయి, వాటిలోనూ డీజిలే పోస్తారు. పక్క గోడలు ఎంత పలచనంటే, హెవీ మెషీన్‌గన్ తూటా దగ్గర నుంచి తగిలితే లోపలికి దూసుకొస్తుంది. ఇది డిజైనర్ల తెలివితక్కువతనం కాదు. యూరప్ నదుల్ని ఆగకుండా దాటేయాలన్నది ఆనాటి సోవియట్ లెక్క. తేలాలంటే బరువు తగ్గాలి, బరువు తగ్గాలంటే ఉక్కు తగ్గాలి. ఆ ఉక్కు తగ్గింది మనిషికీ తూటాకీ మధ్య నుంచే.

ఆ లెక్క తప్పని ముందుగా తెలుసుకున్నదీ సోవియట్లే. అఫ్గానిస్థాన్‌లో మందుపాతరలకు భయపడి సైనికులు బండి లోపల కూర్చోవడం మానేసి పైకెక్కి ప్రయాణించారు. కవచం కప్పిన వాహనాన్ని ఇచ్చి, కవచం బయట కూర్చునే పరిస్థితి తెచ్చారన్నమాట! చివరికి అదనపు ఉక్కు పలకలు బిగించి బీఎంపీ-2డీ చేశారు. దానికి ఈత రాదు. కన్నవాళ్లే అవసరం పడ్డప్పుడు ఈతను వదిలేస్తే, మనం నలభై ఏళ్ల తర్వాత కూడా దాన్ని పట్టుకు వేలాడుతున్నాం.

అమెరికా వాళ్ల ఇలాంటి బండి బ్రాడ్లీదీ ఇదే దారి. 1981లో సైన్యంలోకి వచ్చినప్పుడు చుట్టూ గుడ్డ తెర పైకెత్తి నీళ్లలో దిగేది. తర్వాత కవచం మందం చేస్తూ పోయారు, బరువు 30 టన్నుల దగ్గరకు చేరింది, ఈత అటకెక్కింది. దాని ఫలితం 2023 జూన్‌లో యుక్రెయిన్‌లో కనిపించింది. జపోరిజియా ప్రాంతంలో మందుపాతరల మధ్య బ్రాడ్లీలు గుంపుగా చిక్కుకుపోయిన ఫొటోలు ప్రపంచమంతా చూసింది. పరువు పోయిందని చాలామంది రాశారు. ఆ బళ్లు పనికిరాకుండా పోయిన మాట నిజం. కానీ వాటిలోని సైనికుల్లో చాలామంది ప్రాణాలతో బయటపడ్డారు. అనుభవం ఉన్న సైనికుడు మిగిలితే ఇంకో బండి ఇవ్వొచ్చు. మరుసటి జనవరిలో స్తెపోవె దగ్గర రెండు బ్రాడ్లీలు 25 ఎంఎం గన్‌తోనే రష్యా టీ-90ఎం ట్యాంకు ఒకదాన్ని పనికిరాకుండా చేశాయి. ఆ వీడియోకు వచ్చినంత పేరు జూన్‌లో బతికి బయటపడ్డవాళ్లకు రాలేదు, అది వేరే సంగతి.

పంజాబ్, రాజస్థాన్ సరిహద్దుల్లో కాలువలున్నాయి కదా అంటారు. 1965 యుద్ధంలో లాహోర్ ముందు అడ్డుపడ్డ ఇచ్ఛోగిల్ కాలువను, 1971లో తూర్పు బెంగాల్ నదుల్లో ఈదిన తేలికపాటి ట్యాంకులు పీటీ-76లను గుర్తుచేస్తారు. సరే. కానీ ఈ బండి పని ట్యాంకులతో కలిసి సాగడం. 46 టన్నుల మన టీ-90 ట్యాంకు తేలదు. అది వంతెన కోసం ఆగుతుంటే, పలచటి బండిలో పదిమంది ముందే అవతలి గట్టుకు చేరి ఏం చేస్తారు? గట్టు నిటారుగా ఉన్నా, బురదగా ఉన్నా ఎక్కడానికి ఇంజనీర్ల సాయం కావాల్సిందే. డీఆర్‌డీఓ చేసిన సర్వత్ర వంతెన 75 మీటర్ల అడ్డంకిని దాటిస్తుంది. అలాంటివి ఇంకా కొనుక్కుంటే ట్యాంకులూ దాటతాయి, ఈ బళ్లూ దాటతాయి.

అసలు జబ్బు ఈత కాదు, గొంతెమ్మ కోరికలు. ట్యాంకును కొట్టాలి, ఎడారిలో పరిగెత్తాలి, లద్దాఖ్ ఎక్కాలి, విమానంలో పట్టాలి, నీళ్లలో తేలాలి. ఏ దేశపు బ్రోచర్‌లో ఏది బాగుంటే అది చిట్టాలోకి ఎక్కిస్తారు. మన సైన్యం అడిగే ప్రమాణాలు కొన్ని మార్వెల్ కామిక్ పుస్తకాల్లోంచి దిగినట్టుంటాయని రక్షణ మంత్రిగా ఉండగా మనోహర్ పారికరే ఎద్దేవా చేశారు. నవ్వుకున్నారు, మర్చిపోయారు. చిట్టా రాసిన అధికారి రెండు మూడేళ్లకు బదిలీ అవుతాడు. తర్వాత వచ్చినాయన ఇంకో రెండు కోరికలు కలుపుతాడు. తీసేస్తే రేపు ఎవరైనా ప్రశ్నిస్తారన్న టెన్షన్, కలిపితే ఎవరూ అడగరు. ఈలోగా 2020లో రూ.1,094 కోట్లతో మరో 156 బీఎంపీ-2లకే ఆర్డర్ ఇచ్చారు. కాస్త మెరుగులు దిద్దారు, మూలం మాత్రం ఆ పాతదే. ఎద్దుమైలారం కార్మికులకు పని దొరికినందుకు సంతోషమే, కానీ వాళ్ల చేతిలో పెట్టాల్సిన డిజైన్ అది కాదు.

ఈ చిట్టా తిరగరాసేటప్పుడు డ్రోన్ల సంగతి కూడా చూడాలి. పైకప్పు మీద పడే చిన్న డ్రోన్‌కు పలచటి బండి ఇంకా తేలిగ్గా దొరుకుతుంది. కాబట్టి బరువు పరిమితి పెంచండి, ఈత తీసేయండి, పొట్ట కింద మందుపాతర పేలుడు పరీక్షను అన్నిటికన్నా ముందు పెట్టండి. మహారాష్ట్రలోని అహిల్యానగర్‌లో మెకనైజ్డ్ ఇన్‌ఫాంట్రీ, అంటే ఇలాంటి బళ్లలో పోరాడే పదాతి దళం, శిక్షణ కేంద్రం ఉంది. సారథ్‌లో ఏళ్ల తరబడి వీపు వెనక డీజిల్ పెట్టుకుని తిరిగిన హవల్దార్లు అక్కడ దొరుకుతారు. వాళ్లలో నలుగురిని ఈ చిట్టా రాసే కమిటీలో కూర్చోబెట్టడానికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు.