గోడకెక్కిన చేపల సంత

ఒక పెద్ద షాపింగ్ మాల్‌లో కాఫీ దుకాణం గోడ నిండా నీటిరంగుల చిత్రం నకలు ఒకటి వేలాడదీశారు. 1808 నాటి లండన్ బిల్లింగ్స్‌గేట్ చేపల మార్కెట్. కింద ఇత్తడి రేకు మీద ‘సందడిలో సౌందర్యం’ అని చెక్కించారు కూడా. గేటు ముందు జామకాయల బండి ఆగితే కర్ర ఊపించే యాజమాన్యానికి, రెండు వందల ఏళ్ల కిందటి చేపలమ్మేవాళ్లంటే ఎంత వాత్సల్యమో! ఆ గంపల వాసన గోడ దిగి రాదు కదా.

ఇలాంటి చిత్రాల తయారీ ఒక శాస్త్రం. ఆకర్‌మన్ అనే ప్రచురణకర్త లండన్ దృశ్యాల సంపుటాలు తలపెట్టి, పని పంచాడు. కట్టడాలు అగస్టస్ పుజిన్‌వి, మనుషులు థామస్ రోలాండ్‌సన్‌వి. అచ్చయ్యాక చేత్తో నీటిరంగులు అద్దేవారు. పుజిన్ గారు స్కేలు పక్కన పెట్టి కాగితం అందిస్తున్న దృశ్యం నా కళ్లకు కట్టినట్టుంది.

‘అయ్యా, నిర్మాణం పూర్తయింది. ఇక జనాన్ని వేసుకోండి.’

‘ఎడమ మూల బోసిగా ఉంది. ఇద్దరు ఆడవాళ్లు జుట్లు పట్టుకుంటే?’

‘శుభ్రంగా పట్టుకోమనండి. తెరచాప కొయ్యలకు మాత్రం అడ్డం రాకూడదు.’

‘ఒక కుక్క?’

‘కుక్కకు చోటుంది.’

‘పాపం, వీళ్లు ఏ రాత్రివేళ లేచి వచ్చారో...’

‘అది రంగుల్లోకి రాదు, వదిలేయండి.’

1801లో పది లక్షలకు అటూఇటూగా ఉన్న లండన్ జనాభా 1851 నాటికి 23 లక్షలు దాటింది. పల్లెల్లో పొలాలకు కంచెలు పడి, పని పోయి వచ్చినవాళ్లూ ఆ సందడిలో ఉన్నారు. శతాబ్దం మధ్యలో హెన్రీ మేహ్యూ అనే పత్రికా రచయిత అక్కడి వీధి వ్యాపారులను పలకరించాడు. వారిలో ఒక ఎనిమిదేళ్ల పిల్ల. ఫారింగ్‌డన్ మార్కెట్‌లో ఆకుకూర కొని, కట్టలు కట్టి, వీధి వీధీ తిరిగి అమ్మేది. ఒంటి మీద పలుచని నూలు గౌను, పోగులు తేలిన శాలువా, కాళ్లకు పెద్దవాళ్ల సైజు చెప్పులు. ఎనిమిదేళ్లు! ఇందులో ఎక్కడుందయ్యా సౌందర్యం? ఆ పిల్లే ఇవాళ మీ గేటు ముందు గంప దించితే ఇత్తడి రేకు తొడుగుతారా, మెడ పట్టి గెంటుతారా?

చేపల మార్కెట్‌ను 1982లో తూర్పున రేవుల ప్రాంతానికి తరలించారు. పాత చోట మిగిలిన మార్కెట్ భవనాన్ని, అంటే ఆ చిత్రం తర్వాత ఎప్పుడో కట్టినదాన్ని, ఇప్పుడు విందులకూ వేడుకలకూ అద్దెకిస్తున్నారు. చేప అక్కడికి ఇప్పటికీ వస్తూనే ఉంటుంది, కాకపోతే పళ్లెంలో, పక్కన నిమ్మచెక్కతో.